బుట్ట మీద పాలముంత

కాళ్ళు ఝాడించకుండా పడుకుంటే చెప్తా. లేకపోతే లేదు. మోకాళ్ళ మీద దుప్పటితో గుడారం వేసింది చాలు, కిందికి లాక్కో. ఊఁ, ఇప్పుడు బాగుంది.

పొద్దున మీ మామయ్య పంపిన గాజు గిన్నెల పెట్టె విప్పుతుంటే, గిన్నెలు నాలుగు, కాగితాలు నలభై అని పడీ పడీ నవ్వావు చూడూ, అందుకే ఇవాళ ఈ కథ. నాకు మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో నన్నడక్కు. ఊఁ కొడుతూ ఉండు. నువ్వు ఊఁ కొట్టకపోతే ముందు నాకు నిద్రొస్తుంది.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, దాని పేరు ఇసకపాలెం. ఆ ఊళ్ళో ఇంటికో కొలిమి. ఏటి ఇసక తెచ్చి, కొలిమిలో కరిగించి, గాజులు చేసేవాళ్ళు. ఎర్రవి, పచ్చవి, నీలంవి, ఏ రంగు కావాలంటే ఆ రంగు.

ఆ ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది పేరమ్మ, చిన్నది బుల్లెమ్మ. వాళ్ళకి నాన్న లేడు, అమ్మే పెంచింది. ఆ తర్వాత అమ్మకీ జబ్బు చేసింది. పోయేముందు పేరమ్మ చెయ్యి పట్టుకుని, "మన బుల్లి సీమంతానికి మన కొలిమి గాజులే తొడగాలే. నేను ఉండను. నువ్వుండి చూడు" అంది. పేరమ్మ సరేనంది.

ఆ తర్వాత బుల్లెమ్మకి ఏటి అవతల ఊరి సంబంధం కుదిరింది. పెళ్ళయింది, అత్తారింటికి వెళ్ళింది. మంచివాళ్ళే పాపం, కూతుర్లా చూసుకున్నారు. ఏడాది తిరిగేసరికి కబురొచ్చింది. బుల్లెమ్మకి ఏడో నెల, మూడు వారాల్లో సీమంతం అని.

కబురుతో పాటు బుల్లెమ్మ ఇంకో మాట కూడా పంపింది. "అక్కా, మా అత్తగారు బజారు గాజులు తెప్పిస్తానన్నారు. నేను వద్దన్నాను. అమ్మ కొలిమిలో చేసిన గాజులు వస్తే తొడుక్కుంటా. రాకపోతే బోసి చేతులతోనే పీటల మీద కూర్చుంటా" అని.

చూశావా దాని మంకుపట్టు? అచ్చం నీలాగే. సీమంతం పిల్ల బోసి చేతులతో కూర్చుంటే చూసేవాళ్ళు ఏమంటారు? పుట్టింట్లో అడిగే దిక్కే లేదు కాబోలు అనరూ? ఆ మాట పడనివ్వకూడదు అనుకుంది పేరమ్మ.

పేరమ్మే తీసుకెళ్ళి ఇవ్వచ్చుగా అంటావు. నాకు తెలుసు నువ్వు అంటావని. అక్కడే ఉంది తిరకాసు. గాజు కొలిమి ఆర్పకూడదు. ఆరితే కుండలో కరిగిన గాజు గడ్డకట్టి, కుండ కాస్తా బద్దలవుతుంది. గంటకోసారి కర్ర ఎగదోస్తూ ఉండాలి. ఊళ్ళో ఎవరికైనా అప్పజెబుదామా అంటే, ఎవరి కొలిమి వాళ్ళకే చాలు. అందుకని పేరమ్మ కదలడానికి లేదు.

అప్పుడు ఎవరున్నారు? బండి గవరయ్య ఉన్నాడు. వారానికోసారి ఏటి అవతల సంతకి బండి తోలేవాడు. పొద్దున్నే బయలుదేరితే దీపాలు పెట్టే వేళకి చేరేవాడు. మనిషి ఏనుగంత, మీసాలు ఇంతింత. మాటలు మాత్రం మహా పొదుపు. ఏం చెప్పినా "ఓ" అంటాడు, అంతే. మిరపకాయ బస్తాలైనా, పత్తి బస్తాలైనా, బెల్లం దిమ్మలైనా ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే మర్యాద. ఎత్తడం, బండిలోకి విసరడం.

అప్పుడు పేరమ్మ పచ్చ గాజులు చేసింది. బుల్లెమ్మ రెండు చేతుల నిండా సరిపోయేవి కొన్ని. సీమంతానికి వచ్చిన పేరంటాళ్ళకి తొడగడానికి మరికొన్ని. చేసేటప్పుడు ఒక్క గాజు కూడా వంకర పోలేదు. అమ్మ చెయ్యి దానికొచ్చింది.

చెయ్యడం వచ్చు కానీ పంపడం రాదే. ఆ ఊళ్ళో ఎవ్వరికీ రాదు. ఎందుకంటే ఎప్పుడూ గాజులమ్మే వాళ్ళే వచ్చేవాళ్ళు. గాజులన్నీ తాడుకి గుచ్చి మలారం కట్టుకుని, భుజాన వేసుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మండుటెండల్లో వాళ్ళూ రావడం మానేశారు. మనిషి భుజం మీద వెళ్ళే గాజుకి భయమేముంది? బండెక్కే గాజు సంగతి ఇసకపాలెంలో ఎవరికీ తెలీదు.

సరే, పేరమ్మ తనకి తెలిసినట్టే చేసింది. గాజులన్నీ తాడుకి గుచ్చి మలారం కట్టింది. బుట్ట అడుగున ఇంత మందాన దూది పరిచింది. మలారం పెట్టింది. పైన ఇంకా దూది. ఆ పైన అమ్మ పట్టుచీర మడతపెట్టి కప్పింది. పసిపిల్లకి పక్క వేసినట్టు వేసి, మూత కట్టి, "జాగ్రత్త గవరయ్యా, గాజులు" అంది.

"ఓ" అన్నాడు గవరయ్య. బుట్ట ఎత్తాడు. బండిలోకి విసిరాడు.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చాడు. బుట్ట కూడా తిరిగొచ్చింది. విప్పి చూస్తే ఏముంది, పట్టుచీర బాగుంది, దూది బాగుంది, మధ్యలో గాజులే చిట్లాయి. పగిలాయి అనకూడదే, గాజుల్ని చిట్లాయి అనాలి. "పర్లేదక్కా, ఇంకా రెండు వారాలుంది కదా" అని కబురంపింది బుల్లెమ్మ.

అప్పుడు పేరమ్మ కొలిమి ముందు కూర్చుని ఆ ముక్కలన్నీ చేత్తో తిరగేసి చూసింది. దూదికి ఆనిన వైపు ఏ గాజూ చెడలేదు. పక్క గాజుకి తగిలిన చోటే చిట్లాయి. "నా మొహం మండ" అనుకుంది. "చుట్టూ దూది పెట్టాను గానీ, మధ్యలో గాజుకీ గాజుకీ ఏం పెట్టాను?"

ఇక రెండో వారం. మళ్ళీ గాజులు చేసింది. ఈసారి ఏటి గట్టు మీద పచ్చిగడ్డి కోసుకొచ్చింది. లేత గడ్డి, పట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉంది. ఒక్కో గాజుకీ ఆ గడ్డి చుట్టింది. ఎంత ఓపికో చూడు, అన్ని గాజులకీ ఒక్కోటే చుట్టింది. బుట్టలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టింది. సందు కనిపించిన చోటల్లా ఇంకా గడ్డి కుక్కింది. మూత కట్టి, బుట్టని ఊపి, చెవి ఆనించి విన్నది. చిన్న చప్పుడు కూడా లేదు. అమ్మయ్య అనుకుంది.

"జాగ్రత్త గవరయ్యా, గాజులు" అంది.

"ఓ" అన్నాడు. ఎత్తాడు. విసిరాడు.

మర్నాడు బండి తిరిగొస్తుంటే పేరమ్మ వీధి చివరిదాకా ఎదురెళ్ళింది. బుట్ట బండిలోనే ఉంది. దాన్ని చూడగానే పేరమ్మ ప్రాణం ఉసూరుమంది. విప్పితే మూడంటే మూడు గాజులు బాగున్నాయి. మూడు గాజులు ఏ మూలకే? ఒక్క చేతికైనా నిండవు.

"ఏం జరిగింది గవరయ్యా? నేను చెవి పెట్టి విన్నాను. బుట్ట చప్పుడు చెయ్యలేదే" అంది పేరమ్మ.

అప్పుడు గవరయ్య, ఏడాదికి మాట్లాడే మాటలన్నీ ఒక్కసారే మాట్లాడాడు. "బయలుదేరినప్పుడు మూగదేనమ్మా. ఏరు దాటాక దానికి మాటలొచ్చాయి" అన్నాడు.

ఎందుకొచ్చాయో చెప్పుకో చూద్దాం. చెప్పలేవులే, నేనే చెప్తా. అది రోహిణీ కార్తె. ఎండ నిప్పులు చెరుగుతోంది. పైన కప్పు లేని బండి. పచ్చిగడ్డి కాస్తా మధ్యాహ్నానికి వాడి వడిలిపోయింది. మన ఇంట్లో గంపెడు తోటకూర కోస్తే వండాక గుప్పెడయినట్టు, బుట్టెడు గడ్డి సగానికి సగం అయిపోయింది. సందులు పడ్డాయి. బండి కుదిపినప్పుడల్లా గాజులు అటూ ఇటూ దొర్లాయి.

"మరి మా చెల్లి ఏమంది?" అని అడిగింది పేరమ్మ.

గవరయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఈసారి కబురేం లేదమ్మా. ఏడ్చింది" అన్నాడు.

ఇంక ఒక్క వారమే ఉంది. గవరయ్య సంతకి వెళ్ళిన మర్నాడే సీమంతం. ఈసారి గాజులు చిట్లితే మళ్ళీ పంపడానికి రోజు లేదు. పేరమ్మ ఆ పూట అన్నం తినలేదు. కొలిమిలో కర్ర ఎగదోస్తూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు చీది లేచింది. ఏడిస్తే గాజులు వెళ్ళవు కదా.

అప్పుడు మూడోసారి గాజులు చేసింది. ఈసారి పచ్చిగడ్డి జోలికి పోలేదు. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ సన్నగా చింపింది. ఒక్కో గాజుకీ ఒక్కో పేలిక చుట్టింది. గాజు గాజుని ముట్టుకోవడానికే లేదు. ఆ తర్వాత ఎండుగడ్డి తెచ్చింది. ఎండేది ఏదో అప్పటికే ఎండిపోయింది, ఇంక అది వాడేదేముంది? చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి గాజుల్ని అందులో సర్దింది. పడుకోబెట్టలేదు, నిలబెట్టింది. పడుకోబెడితే పై గాజుల బరువంతా అడుగు గాజు మీదే పడుతుంది. నిలబెడితే దేని బరువు అది మోసుకుంటుంది.

అక్కడితో ఆగిందా? ఆగలేదు. ఆ చిన్న బుట్టని తీసుకెళ్ళి పెద్ద బుట్టలో పెట్టింది. బుట్టలో బుట్ట. రెంటికీ మధ్య అడుగున, పక్కల, పైన ఊక పోసింది. వడ్లు దంచితే వస్తుందే, ఆ ఊక. పోసి బుట్టని కుదిపింది. ఊక అణిగింది. మళ్ళీ పోసింది. మళ్ళీ కుదిపింది. ఇంక అణగదు అన్నదాకా పోసింది. చెవి ఆనించి విన్నది. కిక్కురుమనలేదు. ఎండలో పెట్టి, సాయంత్రం మళ్ళీ విన్నది. అప్పుడూ కిక్కురుమనలేదు.

అన్నీ అయ్యాయి. తెల్లారింది. గవరయ్య బండి కట్టుకుని వచ్చాడు. మిరపకాయ బస్తాలు ఎక్కిస్తున్నాడు. ఎత్తడం, విసరడం. ఎత్తడం, విసరడం. పేరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. గాజుల్ని సర్దడం నేర్చుకున్నాను గానీ, ఈ మహానుభావుణ్ణి ఎట్లా సర్దాలిరా భగవంతుడా అనుకుంది. జాగ్రత్త అంటే "ఓ" అంటాడు. రెండుసార్లు చూసింది ఆ "ఓ" సంగతి. పాపం చెడ్డవాడు కాదు, చేతికి అదే అలవాటు.

అప్పుడు పొయ్యి మీద పాలు పొంగాయి.

పేరమ్మ పాలు దించింది. గోరువెచ్చగా చల్లార్చింది. ఒక ముంత నిండా, అంచుదాకా పోసింది. చెంచాడు పెరుగు వేసి తోడు పెట్టింది. ఆ ముంత తెచ్చి పెద్ద బుట్ట మూత మీద నిలబెట్టి, కదలకుండా తాళ్ళతో నాలుగువైపులా బుట్టకే కట్టింది. ముంత మీద మూత లేదు, ఉత్త బాదం ఆకు. ఆ బుట్ట తీసుకెళ్ళి గవరయ్య కూర్చునే చోటికి సరిగ్గా వెనకాల, ఆయన వీపుకి ఆనేట్టు పెట్టింది.

"గవరయ్యా, ఇవి తోడేసిన పాలు. కదిలిస్తే తోడుకోవు. తొణికితే నీ వీపు మీదే. సాయంత్రానికి గడ్డపెరుగు అయితే మా చెల్లి అత్తగారు నిన్ను సీమంతానికి ఉంచి, ఆ పెరుగుతో భోజనం పెడుతుంది. కాకపోతే మంచినీళ్ళు తాగి వచ్చెయ్యి" అంది.

గవరయ్య బుట్ట కేసి చూశాడు. పాల కేసి చూశాడు. సీమంతం ఇంటికి వెళ్ళాలని ఆ రోజు ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు, దాని మీద పాలు పడితే ఎలా? పైగా గడ్డపెరుగంటే ఆయనకి ప్రాణం. మీసం కింద ఏదో కదిలింది. నవ్వే అయ్యుంటుంది.

నిన్న నువ్వూ కదిపావుగా తోడుపెట్టిన గిన్నె? ఏమయింది? పెరుగు కాక నీళ్ళు నీళ్ళు అయింది. మీ అమ్మ మీద నెట్టావు. నేను చూడలేదనుకున్నావు. సరే విను.

బండి బయలుదేరింది. ముందు రాళ్ళబాట వచ్చింది. ఎప్పుడూ ఎద్దుల్ని అదిలించి దడదడా తోలేసేవాడు. ఈసారి ముంతలో పాలు "చల్ల్" మన్నాయి. మెడ మీద ఓ చుక్క పడింది. గవరయ్య బండి దిగి, ఎద్దుల పగ్గాలు పట్టుకుని, ఒక్కో రాయీ తప్పించుకుంటూ నడిపించాడు.

ఆ తర్వాత ఏరు వచ్చింది. బండిని బల్లకట్టు ఎక్కించి దాటించాలి. బల్లకట్టు ఊగుతుంది కదా? అప్పుడు గవరయ్య బుట్టని ఒళ్ళో పెట్టుకుని, బల్లకట్టు ఎటు ఒరిగితే దానికి ఎదురుగా తను ఒరుగుతూ, అవతలి ఒడ్డుదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పక్కన ఉన్నవాళ్ళు ఏంటి గవరయ్యా, పూనకమా అని అడిగారు. "ఓ" అన్నాడు.

ఆ తర్వాత గట్టు దిగుడు. అక్కడ బండి జారుతుంది. గవరయ్య వెనక్కి వచ్చి, బండిని వెనక్కి లాగి పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ దింపాడు. ఎద్దులు కూడా వెనక్కి తిరిగి చూశాయట, ఈయనకేమయింది ఇవాళ అని.

దీపాలు పెట్టాక చాలాసేపటికి బుల్లెమ్మ ఇల్లు వచ్చింది. గవరయ్య బుట్టని విసరలేదు. రెండు చేతులా ఎత్తుకుని, గుమ్మం దాటించి, వసారాలో నేల మీద ఆనించి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

బుల్లెమ్మ దూరంగానే నిలబడింది. దగ్గరికి రావడానికి భయం దానికి. రెండుసార్లు ముక్కలు చూసింది మరి. అత్తగారు వచ్చి ముందు ముంత మీద ఆకు తీశారు. వేలితో అలా తాకారు. పెరుగు రాయిలా తోడుకుంది. పైన మీగడ కూడా చెదరలేదు. "ముంత ఇలా వచ్చిందంటే లోపలివి బాగానే ఉంటాయే బుల్లీ, రా" అన్నారావిడ.

అప్పుడు బుల్లెమ్మ వచ్చి కూర్చుంది. మూత విప్పింది. ఊక తీసింది, తీసింది, తీసింది. లోపల ఇంకో బుట్ట. ఎండుగడ్డి. అందులో పేలికలు చుట్టుకుని నిలబడ్డ గాజులు. మొదటిది విప్పింది, బాగుంది. రెండోది విప్పింది, బాగుంది. మూడోది విప్పుతుంటే ఆ పేలిక వాళ్ళమ్మ కట్టుకున్న చుక్కల చీరది. అది కళ్ళకద్దుకుంది. అన్నీ విప్పారు. ఒక్కటంటే ఒక్కటి చిట్లలేదు.

మర్నాడు సీమంతం ఎంత బాగా జరిగిందో చెప్తే నీకు ఆకలేస్తుంది. బుల్లెమ్మని పీటల మీద కూర్చోబెట్టి, మోచేతుల దాకా పచ్చ గాజులు తొడిగారు. పేరంటాళ్ళందరికీ తొడిగారు. గవరయ్య గడ్డపెరుగు వేసుకుని మూడుసార్లు అన్నం కలిపాడు.

ఇక్కడ పేరమ్మ మాట? కొలిమి దగ్గర కూర్చుంది. ఒక కర్ర ఎగదోస్తుంది, ఒకసారి వీధి కేసి చూస్తుంది. ఒక కర్ర, ఒక చూపు. ఆ పై రోజు సాయంత్రం బండి వచ్చింది. బండి ఖాళీగా ఉంది. పేరమ్మ కర్ర అక్కడే పారేసి పరుగెత్తింది.

"చేరాయా?"

"ఓ."

"తొడుక్కుందా?"

"ఓ."

"మరి నా చెల్లి ఏమంది గవరయ్యా?"

"ఏమీ అనలేదమ్మా" అన్నాడు. పేరమ్మ మొహం చిన్నబోయింది.

అప్పుడు గవరయ్య బండి దిగాడు. ఎద్దుల్ని తోలే ములుగర్ర పక్కన పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆ దుంగల్లాంటి చేతులు రెండూ గాల్లోకి ఎత్తి, మణికట్టు దగ్గర తిప్పుతూ, ఆ మీసాల మొహంతో, "గల గల గల గల" అన్నాడు.

"ఇలా చేసిందమ్మా. మా అక్కకి నోటితో ఏం చెప్పకు, ఈ చప్పుడు వినిపించు అంది" అన్నాడు.

పేరమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో ఒక్క చప్పుడు కూడా రాకూడదని ఆ గాజుల నోళ్ళు నొక్కి పంపింది కదా. ఇప్పుడు అవి చెల్లి చేతుల మీద మాట్లాడుతున్నాయి. "అమ్మా, నీ గాజులు బుల్లి తొడుక్కుందే" అంది పైకే. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకోసారి చెయ్యి గవరయ్యా" అంది.

గవరయ్య చేశాడు. గల గల గల గల. ఇంకోసారి అంది. మళ్ళీ చేశాడు. ఇరుగూ పొరుగూ కొలుములు వదిలేసి వచ్చి చూస్తున్నారు. నడివీధిలో ఏనుగంత మనిషి చేతులు తిప్పుతూ గల గల గల గల అంటున్నాడు. సిగ్గుపడలేదు, ఆపలేదు. పేరమ్మ చాలు అనేదాకా చేస్తూనే ఉన్నాడు. పేరమ్మ చాలు అనలేదు.

అంతే కథ. కథేమో గవరయ్య బండెక్కి కంచికి పోయింది. మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, మనింట్లోనే ఉన్నాం.

ఊకలోన గాజులంట, ఉలకలేదు పలకలేదు,
ముంతలోన పాలంట, తొణకలేదు ఒలకలేదు,
చెల్లి చేతికెక్కెనంట, గలగలలు ఆగలేదు,
కథ కంచికి చేరెనంట, మా పిల్ల పడుకోలేదు.